పేరు లేని కార్డు

"ఫైలు సాయంత్రం మూసేస్తున్నాను సార్," అన్నాడు చార్జర్. "మనిషి బతికే ఉన్నాడు. హాయిగా ఉన్నాడు. ఎవరో ఆడమనిషితో ఉన్నాడు. ఇంకా మనం వెతకాల్సిందేముంది?"

అతని అసలు పేరు డిపార్ట్‌మెంటులో ఎవరూ వాడరు. చేతిలో ఎప్పుడూ ఒక వైరు, ఆ వైరు చివర ఒక ఫోను ఉంటాయి గనుక చార్జర్ అయ్యాడు. సైబర్ విభాగానికి ఈ మధ్యే అధికారి అయ్యాడు. కిటికీ ఉన్న గది అతనికి వచ్చింది. ఆ గది మాస్టారికే ఇస్తామన్న పెద్దలు ఇప్పుడు మాస్టారు ఎదురైతే ఫోను చూసుకుంటూ పక్కకు తప్పుకుంటున్నారు.

మాస్టారు బడిపంతులు కాదు. శిక్షణ కేంద్రంలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పిన డిటెక్టివ్. నేరం జరిగిన చోట చేతులు జేబులో పెట్టుకొని ముందు కళ్ళతో చూడాలని చార్జర్‌కి నేర్పింది ఆయనే. ఇప్పుడు నేర్చుకున్నవాడు కూర్చుని ఉన్నాడు, నేర్పినవాడు నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి వచ్చే గాలి కూడా కూర్చున్నవాడికే తగులుతోంది. మాస్టారికి ఆ గాలి మీద కూడా కోపం వచ్చింది.

"ఏ ఆధారంతో మూస్తావు?"

"కార్డు సార్. కనబడకుండా పోయింది కట్టుడు పళ్ళ వర్క్‌షాప్ వాళ్ళ చిన్నల్లుడు. ఆయన వాడేది బ్యాంకు కార్డు కాదు. దాని వెనకాల ఉన్నవి క్రిప్టో కాయిన్లు. కార్డులో సొంతంగా డబ్బుండదు. ఫోనులో ఉన్న కాయిన్లు కొంచెం అమ్మి, కార్డులో పోసుకోవాలి. అప్పుడే అది దుకాణంలో పలుకుతుంది. రొట్టె కొన్నా, పెట్రోలు కొట్టించినా అంతే. పోసుకోవాలంటే ఫోను మీద బొటనవేలు అద్దాలి. ఆయన బొటనవేలు. ఈ రెండు వారాల్లో ఎన్నోసార్లు పోశారు. అంటే వేలు ఉంది, వేలి వెనకాల మనిషీ ఉన్నాడు."

"ఎవరైనా బలవంతంగా అద్దించి ఉండొచ్చు."

"బలవంతం చేసేవాడు కాయిన్లన్నీ ఒక్కసారే ఊడ్చుకుపోడా సార్?"

"ఊడ్చాలంటే రహస్య పదాల తాళం కావాలి. అది ఆయన తలలో తప్ప ఎక్కడా లేదని భార్య చెప్పింది. కార్డులోకైతే రోజుకి కొంత చొప్పున వేలితోనే పోయొచ్చు."

చార్జర్ నవ్వాడు. "అయితే ఆ దొంగ ఆడవాళ్ళ చెప్పులు, సెంటు, చేతిసంచి కొంటున్నాడా? దుకాణం కెమెరాలో ముసుగేసుకున్న ఒక ఆడమనిషి తల కనబడింది. ఇంతకంటే ఏం కావాలి? మీరు ఇంకా బూట్లకంటిన మట్టి చూసే రోజుల్లోనే ఉన్నారు సార్."

"సాయంత్రం దాకా టైముంది కదా," అన్నాడు మాస్టారు. "ఒకసారి వాళ్ళ వర్క్‌షాప్ చూసొస్తాను."

"నేనూ వస్తాను. మీరొక్కరే వెళితే జనాన్ని హడలగొడతారు."

*

పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసి ఇచ్చే వర్క్‌షాప్ అది. మామగారు పెట్టారు. ఆయన పోయాక ఇద్దరు అల్లుళ్ళూ నడుపుతున్నారు. పొడుగాటి బల్ల, బల్లకు రెండు కొసలా రెండు కుర్చీలు. గోడ పొడవునా చెక్క అరలు. అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు, ఎవరో చెప్పిన జోకుకి అందరూ ఒకేసారి నవ్వినట్టు.

పెద్దల్లుడు మైనం మీద పన్ను నిలబెడుతూ లేచి నమస్కారం పెట్టాడు. "రండి సార్. అందరూ అనుకున్నట్టు నోరు తెరిపించే పని కాదండీ మాది. నోరు మూసుకుని చేసుకునే పని."

"మీ తోడల్లుడిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"పని కట్టేసే వేళకి. చేతులు కడుక్కుని వెళ్ళొస్తానన్నాడు. వెళ్ళాడు, రాలేదు."

"ఆయనంటే మీకు కోపం ఉందా?"

"కోపమెందుకండీ? ఏడుపు." పెద్దల్లుడు పన్నును వేలితో సరిచేశాడు. "దాచుకోను. ఇద్దరం ఒకే మామగారి అల్లుళ్ళం. ఒకే బల్ల, ఒకే మైనం. వాడు సిగరెట్లు మానేసి ఆ మిగిలిందాంతో ఏవో కాయిన్లు కొంటుంటే నేనే నవ్వాను. కంటికి కనబడని డబ్బేమిట్రా అన్నాను. తర్వాత నలుగురం భోజనానికి వెళితే, నేను పర్సు తీసేలోపల వాడు ఆ కార్డు తాకించి, ‘అన్నయ్యగారూ, మీరు ఉంచండి’ అనేవాడు. ఎంత మర్యాదో! ‘ఉంచండి’ అన్న ఆ మాట ఎంత బరువుంటుందో మీకు తెలుసా సార్? ఇంటికెళ్ళేదాకా మా ఆవిడ కారు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చునేది."

మాస్టారికి ఆ బరువు తెలుసు. వెనకాల చార్జర్ గొంతు సవరించుకున్నాడు.

మాస్టారు చేతులు జేబులో పెట్టుకొని అరల వెంట నడిచాడు. చిట్టచివర దవడల మధ్య దవడ కానిది ఒకటుంది. గుప్పెట్లో పట్టేంత నీలం రబ్బరు ముద్ద, మధ్యలో లోతుగా ఒక గుంట. పక్కనే ప్లాస్టర్ గిన్నె, ఇంకా తడిగా ఉంది. ముద్దను తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. గుంట అడుగున సన్నటి గీతలు.

"ఇదేమిటి?"

పెద్దల్లుడు మైనం కత్తిని గుడ్డకు తుడిచి పక్కన పెట్టాడు. "అంగిలి అచ్చండీ. నోట్లో పైభాగాన నాలుక పెట్టి చూడండి, అడ్డంగా గీతలు తగులుతాయి. అవి ఒక్కొక్కరికి ఒక్కో రకం. పొద్దునే తీశాను." ఆ ముద్దను మాస్టారి చేతిలోంచి మెల్లగా తీసుకొని తడిగుడ్డ కింద పెట్టాడు. "ఎండితే పాడైపోతుంది."

మాస్టారు తన అంగిలికి నాలుక ఆనించి చూసుకున్నాడు. నిజమే, గీతలున్నాయి. అప్పటికి ఊరుకున్నాడు.

కానీ ఇంకొకటి చెవిని వదలడం లేదు. మూలన దుమ్ము లాగే మోటారు హోరుమంటోంది. పళ్ళు అరగదీస్తున్నప్పుడు వాడేది. ఇక్కడ ఎవరూ ఏమీ అరగదీయడం లేదు.

"ఆ మోటారెందుకు వేశారు?"

"అలవాటండీ. అది లేకపోతే తోచదు." పెద్దల్లుడు హోరును మించి వినపడేలా చెబుతున్నాడు.

మోటారు వెనకాల ఒక తలుపు. తలుపుకి తాళం.

"అదేం గది?"

"యాసిడ్ సీసాలు పెట్టే గది. తలుపు తీస్తే కళ్ళు మండుతాయి. తాళంచెవి మా తోడల్లుడి జేబులోనే ఉండిపోయింది."

మాస్టారు తలుపు దగ్గరకు వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు.

"సార్." చార్జర్ అడ్డం వచ్చాడు. "సోదా చేయడానికి కాగితం ఉందా? ఆయన అన్నీ అడగకుండానే చెబుతున్నాడు. యాసిడ్ గది బద్దలుకొట్టి, ఎవరి కళ్ళన్నా పోతే, జవాబు చెప్పుకోవాల్సింది నేను."

"నువ్వు పక్కకి జరుగు."

"జరగను. ఇది నా ఫైలు." చార్జర్ గొంతు తగ్గించాడు, కానీ మోటారు హోరులో పెద్దల్లుడికి కూడా వినపడేంతే తగ్గించాడు. "మీకు కావలసింది ఈ కేసు కాదు సార్. నా గది. నేను తప్పని తేలితే చాలు మీకు. ఎక్కడా ఏమీ లేకపోయినా తవ్వుతూనే ఉంటారు."

ఆ మాటలో అబద్ధం పాలు ఎంతుందో మాస్టారు వెంటనే తేల్చుకోలేకపోయాడు. అదే ఆయన్ని దెబ్బతీసింది. ముఖం కందింది. ఈర్ష్యతో కాదు, పని మీదే వచ్చానని చూపించుకోవాలంటే ఆ క్షణంలో ఒకటే దారి కనబడింది. గడియ మీద నుంచి చెయ్యి తీసేసి బయటికి నడిచాడు.

*

చెల్లెలి ఇంట్లో అక్క, అంటే పెద్దల్లుడి భార్య కూడా ఉంది. చెల్లెలి భర్త కనబడకుండా పోయిన దగ్గర్నుంచి అక్క పగలంతా ఇక్కడే ఉంటోంది. వండి పెడుతోంది, తలుపు తీస్తోంది, వచ్చినవాళ్ళకి జవాబులు చెబుతోంది.

మాస్టారు లోపలికి అడుగు పెట్టగానే సెంటు వాసన తగిలింది. తేలికైనది, ఖరీదైనది. అద్దం ముందు అరలో సన్నటి సీసా ఒకటి ఉంది. దాని మూత మీద దుమ్ము పేరుకొని ఉంది. అలాంటి సీసా ఒకటి మాస్టారి ఇంట్లోనూ ఉంది. నిరుడు భార్య పోయిన దగ్గర్నుంచి దాని మూత తియ్యలేదు. మూత తియ్యని సీసా గది మొత్తానికి ఎంత వాసన ఇస్తుందో ఆయనకి బాగా తెలుసు. ఏమీ ఇవ్వదు.

"మీరు సెంటు రాసుకుంటున్నారా అమ్మా?" అని చెల్లెల్ని అడిగాడు.

"ఎవరి కోసం?" అంది చెల్లెలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. చార్జర్ వైపు తిరిగింది. "దాని వివరాలు ఏమన్నా తెలిశాయా?"

‘దాని’ అంటే ఎవరో అడగనక్కర్లేదు. రెండు వారాలుగా ఆ ఇంట్లో పేరు లేని ఆడమనిషి ఒకతె మకాం పెట్టింది. కుర్చీలో కూర్చుంటోంది, అద్దంలో చూసుకుంటోంది, చెల్లెల్ని రాత్రంతా పడుకోనివ్వడం లేదు.

"నిన్న చెప్పులు కొన్నారండి," అన్నాడు చార్జర్.

"ఏ రకం?"

చార్జర్ ఫోనులో బొమ్మ చూపించాడు. చెల్లెలు ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "పోయినసారి నా పుట్టినరోజుకి ఆయన ఇవే కొన్నారు. ఇదే రంగు. సిగ్గులేని మనిషి, దానిక్కూడా ఇవే కొన్నాడా? ఏ సైజు?"

"ఎనిమిది."

"నాది ఐదు." చెల్లెలు ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు వినడానికి బాగోలేదు. "ఎనిమిది! పాదాలా, పడవలా? పోనీలే, దానికి నాకంటే ఎక్కువగా ఉన్నవి అవన్నా ఉన్నాయి."

ఎదుటి కుర్చీలో కూర్చున్న అక్క తన పాదాలను మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది.

మాస్టారు చూశాడు. చూసినట్టు కనబడకుండా చెల్లెలితోనే మాట్లాడాడు. ఆమె మంటను చూస్తుంటే ఆయనకు జాలికంటే ముందు అసూయ కలిగింది. మనిషి ఇంకొకరి దగ్గర ఉన్నాడేమోనని ఇలా మండిపోవాలన్నా, ముందు ఆ మనిషి ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆమెకు ఇంకా ఆ అదృష్టం ఉంది. ఉందో లేదో ఈ సాయంత్రంలోగా తేలాలి.

"మీ ఆయన ఆ కార్డుతో అన్నీ కొనేవారా?"

"అన్నీ. పాల దగ్గర్నుంచి. కానీ దానికో పిచ్చి నియమం ఉందండీ ఆయనకి. పొద్దున లేవగానే కాయిన్ ధర చూస్తారు. లేచిన రోజు కార్డు బయటికి తీస్తారు. పడిన రోజు తియ్యరు. పడిన రోజు కార్డు తాకించడమంటే, చవగ్గా అమ్ముకుని రొట్టె తిన్నట్టేనంటారు. పడిన రోజు క్షవరం కూడా చేయించుకోరు. పెళ్ళినాడు ధర పడిందని నాకు బొకే మర్నాడు తెచ్చారు."

"సెంటు ఎప్పుడు కొన్నారు?" మాస్టారు చార్జర్‌ని అడిగాడు.

"పోయిన సోమవారం."

"ఆ రోజు అది మెట్ల మీంచి దొర్లినట్టు పడిపోయింది," అంది చెల్లెలు. వెంటనే సంజాయిషీలా అంది, "నాకు వాటి గురించి తెలీదండీ. రోజూ చూస్తున్నాను, అంతే. లేచిన రోజు ఎక్కడున్నా ఆయన నవ్వుకుంటూ ఉంటారు కదా అని."

"ఆడదాని మోజులో పడ్డవాడికి కాయిన్ పడిందో లేచిందో ఏం పట్టింపు సార్?" అన్నాడు చార్జర్.

"పెళ్ళినాడు కూడా తప్పని మనిషి," అన్నాడు మాస్టారు. "ఆ కార్డు వాడుతున్నవాళ్ళకి కాయిన్ ధర చూడాలన్న సంగతే తెలీదు. మామూలు కార్డులా వాడేస్తున్నారు." అప్పుడు అక్క వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

"నన్నడుగుతారేం? మగవాళ్ళ సంగతి నాకు చెప్పకండి." అక్క గొంతులో చాలా రోజుల కడుపుమంట ఉంది. "దీని మొగుడే కాదు, నా మొగుడూ మొగుడే. రెండు వారాల నుంచి రోజూ రెండు భోజనం డబ్బాలు కట్టించుకుపోతున్నాడు. రెండోది ఎవరికంటే, పని ఎక్కువ, ఆకలెక్కువ అంటాడు. తింటే ఒంటికి పట్టాలిగా? నానాటికీ చిక్కిపోతున్నాడు. ఏ మహారాణి తింటోందో నా వంట!"

"అందుకేనా మీకు సెంటు కొనిచ్చారు?"

గది ఒక్కసారి చిన్నదైపోయింది. చెల్లెలు అక్క వైపు తిరిగి, ఊపిరి లోపలికి పీల్చింది.

"అక్కా. ఈ వాసన నీ దగ్గర్నుంచి వస్తోందా?"

"వస్తే ఏం?" అక్క లేచి నిలబడింది. ఇంట్లోనూ విడవకుండా చీర కుచ్చిళ్ళ కింద దాచుకున్న కొత్త చెప్పులు, పుట్టినరోజు రంగువి, అందరికీ కనబడ్డాయి. ఆమె వాటిని ఇక దాచుకోలేదు. "నేను పూసుకోకూడదా? నీకే రాసిపెట్టాడా దేవుడు? ఇన్నేళ్ళూ నువ్వు కొన్నవి చూసి బాగున్నాయే, బాగున్నాయే అనడమే నా పని. ఇప్పుడు మాకూ ఉంది. మా ఆయనా కొన్నారు కాయిన్లో గీయిన్లో. మీవాళ్ళెవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుందన్నారు. అందుకే ముసుగేసుకొని ఊరవతలకి పోయి కొనుక్కున్నాను. నువ్వు కష్టంలో ఉన్నావని నీ ముందు నోరెత్తలేదు. ఇదిగో!"

సంచిలోంచి తీసి బల్ల మీద కొట్టింది. నల్ల కార్డు. మీద పేరు లేదు. అలాంటి కార్డులు చాలావాటి మీద పేరు ఉండదు.

చెల్లెలు దాన్ని తీసుకోలేదు. వేలితో మెల్లగా తిప్పింది. ఒక మూల అరిగి గుండ్రమై ఉంది. ఆ మూలన గులాబీరంగు మైనం సన్నగా ఇరుక్కుని ఉంది.

"కట్టుడు పళ్ళ సందుల్లో మైనం గీకడానికి ఆయన దీన్నే వాడేవారు," అంది. "పనిముట్టు చేతికందకపోతే ఇదే. కార్డు పాడవుతుందని నేను తిట్టేదాన్ని."

కోపం దిగిన చోట అక్క ముఖంలో ఇంకేమీ మిగల్లేదు. "నాకు తెలీదే," అంది చెల్లెలితో. "నీ ఒట్టు. మాదేనన్నారు."

"అది ఖాళీ అయితే ఏం చేస్తారమ్మా?" మాస్టారు అడిగాడు.

"ఆయనకి ఫోన్ చేస్తాను. నింపుతారు. ఇందాకే అయిపోయిందని చెప్పాను. భోజనమయ్యాక నింపుతానన్నారు."

చార్జర్ చేతిలో ఫోను మోగింది. అతను చూసుకొని, వెలిగిన ముఖంతో తలెత్తాడు. "ఇప్పుడే కార్డులోకి డబ్బు పోశారు సార్! వేలిముద్ర సరిపోయింది. అంటే మన మనిషి బతికే ఉన్నాడు. ఆ పెద్దల్లుడు ఆయన్ని ఎక్కడ దాచాడో పట్టుకుంటే చాలు..."

చెల్లెలు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. రెండు వారాల తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

మాస్టారు కదలకుండా నిలబడ్డాడు. హోరుమనే మోటారు. తాళం వేసిన గది. గడియ మీద వేసి తీసేసిన తన చెయ్యి. ఆ తలుపుకి అవతల, మోటారు హోరులో గొంతు వినపడని మనిషి ఒకడు. రెండో డబ్బా ఏ మహారాణీ తినలేదు.

అప్పుడు ఆయన నాలుక మళ్ళీ అంగిలికి ఆనింది. గీతలు అడ్డంగా ఉన్నాయి, పెద్దల్లుడు చెప్పినట్టే. నీలం రబ్బరు గుంటలో చూసిన గీతలు అడ్డంగా లేవు. చుట్టలు తిరిగి ఉన్నాయి. మాస్టారు కుడిచెయ్యి పైకెత్తి తన బొటనవేలి కొసను చూసుకున్నాడు. పొద్దునే తీశానన్నాడు. పక్కన ప్లాస్టర్ తడి ఆరలేదు.

"సార్?" అన్నాడు చార్జర్. మాస్టారు చూస్తున్న వేలి వైపు చూశాడు. అతనూ మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. ముఖంలో రంగు పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఆ అచ్చు... వేలి అచ్చు తీసేశాడా? అయితే ఇప్పుడు సరిపోయింది ఆయన వేలు కాదేమో..."

"కారు తియ్యి."

చార్జర్ మెట్ల వైపు పరుగెత్తాడు. మాస్టారు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. అడగకుండా వెళ్ళిపోవచ్చు. కానీ ఒక తలుపు దగ్గర అడగాల్సింది వదిలేసి వచ్చాడు ఇవాళ.

"అమ్మా, ఇవాళ కూడా రెండు డబ్బాలు కట్టారా?"

అక్క ఆయన వైపు చూసింది. ఆ ప్రశ్న ఎందుకడిగాడో ఆమెకు ఇంకా అర్థం కాలేదు. పొద్దుట్నుంచి ఆమెను సంతోషపెడుతున్న సంగతి అదొక్కటే. ఆ మహారాణి పీడ వదిలిందనుకుంది.

"లేదండీ," అంది. "ఇవాళ్టి నుంచి ఒకటే చాలన్నారు."